చప్పుడు లేని లాంచీ

హౌరా,
అక్టోబరు 28

విజయత్తకి,

ముందే చెప్తున్నాను, ఈసారి నా అక్షరాల వంకర్లు దిద్దుతూ కూర్చోవద్దు. సంతోషంలో గబగబా రాసేస్తున్నాను. నెలకొక ఉత్తరం చేత్తో తెలుగులో రాయకపోతే సండే స్కూల్లో నువ్వు నేర్పించిన అక్షరాలు గంగపాలవుతాయని రూలు పెట్టావు కదా. ఈ నెల ఉత్తరం మొన్ననే అయిపోయింది. ఇది ఎగస్ట్రా. దాచుకో.

నాకు ఉద్యోగం వచ్చిందత్తా! లాంచీ మీద!

మన తెలుగువాళ్ళ ఇళ్ళ లైను వెనక దత్తబాబు ఘాట్ నుంచి అవతలి ఒడ్డుకి తిరిగే పాత డీజిల్ లాంచీ గుర్తుందా? అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కేది, దిగాక నల్లగా తుమ్మేది. దుర్గాపూజలకి ముందే అది తుక్కుకి పోయింది. దాని స్థానంలో బ్యాటరీతో నడిచే కొత్త లాంచీ వచ్చింది. తెల్లగా ఉంటుంది, నీలం సీట్లు. మనం ఫోనుకి పెట్టినట్టే దానికీ రాత్రి జెట్టీ దగ్గర ఛార్జింగు పెడతారు, పగలంతా తిరుగుతుంది. పొగ లేదు, వాసన లేదు, చప్పుడనేదే లేదు. తాడు విసిరి లాంచీని జెట్టీకి కట్టడం, జనాన్ని జాగ్రత్తగా ఎక్కించి దించడం నా పని. లాంచీ నడిపే పెద్దాయన్ని ఇక్కడ సారెంగు అంటారు. మా సారెంగు హబీబ్ చాచా. నేను తాడు విసరడం చూసి, "బాగానే ఉంది, రెండోసారి నదిలో కాకుండా జెట్టీ మీదే పడింది" అన్నాడు.

ఒక్క మెలిక ఉంది. జనవరి చివరిదాకా ఇది పరీక్షే. జనం బాగా ఎక్కితే లాంచీ మనకే ఉంచేస్తారు. లేకపోతే ఎగువన ఇంకో ఘాట్‌కి తీసుకుపోయి మన ఘాట్‌కి తాళం వేసేస్తారట. అప్పుడు అందరూ వంతెన మీద బస్సుల్లో వేలాడాల్సిందే. అయినా మనకేం భయం? లైనులో ఆడవాళ్ళలో సగంమంది అవతలి ఒడ్డున కార్పొరేషన్ ఊడ్పు పనికి వెళ్ళేవాళ్ళేగా. జనానికి కరువా? అమ్మ ఒక్కతి చాలు, తన భవానీపూర్ ఊడ్పు గేంగునంతా తోలుకొచ్చి సీట్లన్నీ నింపేస్తుంది.

రేపటి నుంచే మొదలు. ప్రార్థన చెయ్యి. నిద్ర పడుతుందనుకోను.

నీ
రెజీనా


నీలయ్యపేట, శ్రీకాకుళం జిల్లా,
నవంబరు 7

చిరంజీవి రెజీనాకి మేనత్త దీవెనలు.

ఇక్కడ మేం బాగున్నాం, మీ మావయ్య మోకాళ్ళు తప్ప. నీ ఉత్తరం వచ్చేసరికి నేను నెత్తళ్ళు బాగుచేస్తున్నాను. చెయ్యి కడుక్కునే ఓపిక లేక అలాగే చించాను. మీ తెల్ల లాంచీకి ఇప్పుడు నా ఇంట్లో చేపల వాసన పట్టేసింది.

నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. వీధిలో కనిపించిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాను. మావయ్య అయితే "మన రెజీనా ఓడ నడుపుతోంది" అని చెప్తున్నాడు. నేను దిద్దలేదు, నడిపినా నడుపుతావు ఏదో ఒక రోజు. నేను హౌరాలో ఉన్నప్పుడు ఆ డీజిల్ లాంచీ దిగాక చాలాసేపటిదాకా చెవుల్లో మోత ఆగేది కాదు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే దెబ్బలాడుతున్నట్టు అరవాలి. చప్పుడు లేని లాంచీ అంటే నాకు ఊహకే అందడం లేదు.

మా ఊరి బస్సు సంగతి నీకు తెలుసుగా. ఉప్పుగాలికి తలుపు తుప్పు పట్టి ఊడిపోయింది. తాడుతో కట్టారు. కండక్టరు రోజూ తలుపు విప్పి, దింపి, మళ్ళీ కట్టుకుంటాడు. తాడు కట్టే ఉద్యోగం అంటే నాకు అతనే గుర్తొచ్చాడు, ఏమీ అనుకోకు.

సరే గానీ, మొదటిరోజు ఎక్కి మీ అమ్మ ఏమంది? అది రాయి ముందు. లోకమంతా మెచ్చుకున్నా పుష్పరాణి పెట్టే వంక వినకపోతే నాకు తృప్తి ఉండదు.

మీ అత్త
విజయ కుమారి


హౌరా,
నవంబరు 20

అత్తా,

శుశుకులు! మన గంగలో ఉండే ఆ పొడుగుమూతి డాల్ఫిన్లు. ఇన్నేళ్ళూ దూరాన ఎక్కడో వీపు మెరిస్తే "అదిగో, అదిగో" అనుకునేవాళ్ళం. ఇప్పుడు లాంచీ పక్కనే లేస్తున్నాయి! మోత లేదు కదా, బెదరడం లేదు. నిన్న ఒకటి నీళ్ళలోంచి లేచి ఫుస్సుమని ఊపిరి వదిలింది, ఆ ఊపిరి నాకు వినిపించింది. చాచా ఇంత వయసొచ్చాక మొదటిసారి విన్నానని మోటారు తగ్గించి నిలబడిపోయాడు.

ఇంకో వింత. లాంచీలో మనుషుల మాటలు వినిపిస్తాయి. ఒక ముసలాయన తన చేతిసంచీతో మాట్లాడుకుంటాడని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు, ఆయనకీ సిగ్గేసింది పాపం. ఒడ్డున గుడిగంట, పైన వంతెన మీద బస్సు హారను, కింద నీళ్ళు కొట్టుకోవడం, అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. గాలి ఎంత బాగుంటుందని! సీట్ల నీలం రంగు ఎండలో చూస్తే అచ్చం కొత్త స్కూలు యూనిఫాంలా ఉంటుంది. నేను తాడు ఇప్పుడు కళ్ళు మూసుకుని విసురుతాను. చాచా వద్దంటాడు.

నాన్న సంత్రాగాఛి యార్డు నుంచి వచ్చేటప్పుడు ఒకసారి దారి మళ్ళి వచ్చి ఎక్కాడు. రైలు కన్నా నయం అన్నాడు. రైల్వే మనిషి నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు.

అమ్మ బాగుంది. పని ఎక్కువగా ఉంది. నీకు నమస్కారాలు చెప్పమంది.

రెజీనా


నీలయ్యపేట,
నవంబరు 29

కోడలా,

శుశుకుల గురించి చదివి వినిపిస్తే మా వీధి పిల్లలు గంతులేశారు. చాలా బాగుంది. ఇప్పుడు అసలు విషయానికి రా.

గాలి రాశావు. నీళ్ళు రాశావు. సీట్ల రంగు కూడా రాశావు. ఆ సీట్లలో ఎవరు కూర్చుంటున్నారో మాత్రం రాయలేదు. నీ లాంచీలో నాకు కనిపించిన మనుషులు ముగ్గురే, సారెంగు, సంచీతో మాట్లాడే ముసలాయన, మీ నాన్న. వాడు కూడా ఒక్కసారే.

పైగా మీ అమ్మ నాకు నమస్కారాలు చెప్పమందా? పుష్పరాణి మా ఇంటికి కోడలుగా వచ్చిన నాటినుంచి నాకు నమస్కారం చెప్పింది లేదు. "మీ అత్తకి సెప్పు, పండగకి పంపిన జంతికల్లో ఉప్పు నేదని" అని ఇలా చెప్పి పంపుతుంది. ఆ నమస్కారం చూడగానే ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను.

ఏమైందే? దాచకుండా రాయి. నేను దూరాన ఉన్నదాన్ని, నామీద అరవడానికీ, నా దగ్గర ఏడవడానికీ నీకు ఎంత వీలో ఆలోచించు.

అత్త


హౌరా,
డిసెంబరు 5

అత్తా,

నీకు కోర్టులో ఉద్యోగం ఇవ్వాల్సింది.

లాంచీ ఖాళీగా తిరుగుతోంది. కారణం మా అమ్మ.

మొదటిరోజు పొద్దున్న నేను అవతలి ఒడ్డునుంచి లాంచీలో వస్తున్నాను. ఎంత ఉబలాటంగా వచ్చానని! లైను ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే గోదాము వెనక బిశుదా టీ కొట్టు దగ్గర ఉన్నారు. అక్కడినుంచి నది కనబడదు, గోదాము గోడ అడ్డం. ఇన్నేళ్ళూ వాళ్ళకి కనబడనక్కర్లేదు కూడా. పాత లాంచీ నది మధ్యకి వచ్చేసరికి డబడబమని వినిపించేది. అప్పుడు గ్లాసు దించి నడక మొదలుపెడితే జెట్టీకి సరిగ్గా అందేవాళ్ళు. ఆటుపోట్లని బట్టి లాంచీ రోజుకో వేళకి వస్తుంది, గోడ మీద అతికించిన టైముని ఎవరూ నమ్మరు. చెవుల్నే నమ్ముతారు.

ఆ రోజు కూడా చెవులు నదికి అప్పగించి టీ తాగుతూ కూర్చున్నారు. మేం వచ్చాం, ఆగాం, చూశాం, వెళ్ళిపోయాం. చప్పుడేదీ? నేను తాడు వదిలి టీ కొట్టుదాకా పరిగెత్తలేను. అమ్మకి ఫోను చేస్తే, సంచీ అడుగున ఉన్న ఫోను ఎవరికీ వినపడలేదు. హారన్ కొడదామంటే జెట్టీ పక్కనే పురుళ్ళు పోసే నర్సింగ్ హోము ఉంది, పొద్దున్నే హారన్ కొట్టకూడదని ఆర్డరు. చివరికి వాళ్ళు బస్సుల్లో పడి వెళ్ళేసరికి హాజరీ మూసేశారు. గేంగు మొత్తానికి ఆ రోజు పని పోయింది. అమ్మ గేంగుకి పెద్ద కదా, సూపర్‌వైజరు అందరి ముందూ ఆమెనే నిలబెట్టి తిట్టాడు.

సాయంత్రం కుళాయి దగ్గర, లైనంతా వింటుండగా ఒట్టేసింది. "ఆ మూగ పడవ నానెక్కను. నానెక్కనంటే ఎక్కను. దెయ్యమేటి అది, సెప్పాపెట్టకుండా వొచ్చి ఎలిపోడానికి?" అంది. మన లైను సంగతి నీకు తెలుసు. పెద్ద కాదంటే అందరూ కాదన్నట్టే. గేంగులో నాగేశ్వరత్త ఒక్కతి దొంగతనంగా ఎక్కడానికి వచ్చి, మెట్ల మీద కాలు పెట్టి, అమ్మ గుర్తొచ్చి వెనక్కి తిరిగిపోయింది.

ఇప్పుడు వాళ్ళంతా రెండు బస్సులు మారి వెళ్తున్నారు. బస్సు వంతెన మీద ఆగిపోతే ఆ పొగంతా పీల్చి అమ్మ దగ్గుకుంటూ ఇంటికి వస్తోంది. నేను ఖాళీ సీట్లు తుడిచి ఇంటికి వస్తున్నాను. ఇద్దరం ఒకే కంచంలో అన్నం తినేవాళ్ళం, ఇప్పుడు గోడకి చెరోవైపు తిరిగి తింటున్నాం. నా లాంచీని మా అమ్మే ముంచుతోందని నీకు ఎలా రాయను చెప్పు? అయినా ఒట్టు, శుశుకుల గురించి రాసిందంతా నిజం.

రెజీనా


నీలయ్యపేట,
డిసెంబరు 12

ఓసి పిచ్చిదానా, ఇదా?

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, క్షమించు. తర్వాత దిగులు పడ్డాను. ఆ తర్వాత ఉత్తరం పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. ఇసుకలో నరసమ్మ అని మా పక్కింటావిడ బుట్ట బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. ఆవిడ మొగుడు వేటకెళ్ళాడు. కథంతా చెప్పాను. ఆవిడ సముద్రంమీంచి కళ్ళు తిప్పకుండా, "ఏటమ్మా, మీ కలకత్తావోళ్ళు పడవల్ని సెవులతో సూత్తారేటి? కళ్ళు దేనికున్నాయి?" అంది. ఇంతలో ఒక పడవ, ఈగంత దూరాన. నాకు పడవే సరిగా ఆనలేదు, ఆవిడ లేచి బుట్ట నెత్తిన పెట్టుకుంది. "మా ఆయనే. పచ్చగుడ్డ" అంది. ఇక్కడ ప్రతి పడవకీ వెదురుకర్ర మీద ఒక రంగు గుడ్డ ఉంటుంది. ఆడవాళ్ళు ఆ రంగు చూసి ఎవరి పడవో చెప్పేస్తారు.

ఆ గోదాము గోడ కన్నా ఎత్తుగా జెట్టీ దగ్గర ఒక వెదురు నాటించు. అవతలి ఒడ్డున లాంచీ కదలగానే ఇవతల జెండా లేవాలి. టీ కొట్టు దగ్గర తలెత్తితే కనబడాలి.

ఇప్పుడు బాగా విను. జెండా నువ్వు కట్టకు. మీ అమ్మని లాంచీ ఎక్కమని అడక్కు, బతిమాలకు, ఏడవకు. పుష్పరాణి చెయ్యమంటే చేసే మనిషి కాదు. ఇంకొకళ్ళు చేతకాక చేస్తుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేదు. నువ్వు ఆవిడ కళ్ళ ముందు కూర్చుని ముడి తప్పుగా వెయ్యి. చాలు.

నేను చెప్పానని మాత్రం అనకు. అంటే ఆ వెదురు విరిచి పొయ్యిలో పెడుతుంది.

అత్త


హౌరా,
డిసెంబరు 27

అత్తా! అత్తా! అత్తా!

క్రిస్మస్ కేకు పార్సిల్ వేశాను, ముక్కలైపోతే చెంచాతో తిను. ఇప్పుడు విను.

గుమ్మంలో కూర్చుని నా పాత చున్నీని కర్రకి కట్టడం మొదలుపెట్టాను. జారిపోతోంది. మళ్ళీ కట్టాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చూడనట్టు చూస్తోంది. మూడోసారి జారింది. చేట పక్కన పెట్టి వచ్చింది. "ఏటే అది? ముడేనా? సావిట్లో దూడ కూడా ఇప్పుకుంటాది. దేనికిది?" అంది. చెప్పాను. "లేత గులాబీ రంగు ఎవులికి కనపడతాదే?" అని లోపలికెళ్ళి, కార్పొరేషన్ వాళ్ళిచ్చిన నారింజరంగు జాకెట్టు, మెరిసే పట్టీలది, పాతది పట్టుకొచ్చింది. "లారీవోడికి కనపడాలని ఇచ్చినారు. మనోళ్ళకి కనపడదేటి?" అంది. అంతే! మర్నాడు తనే వెదురు నాటించింది. తాడు, కప్పీ పెట్టించింది. నేను అవతలి ఒడ్డున తాడు విప్పగానే ఫోనులో ఒక్క రింగు ఇస్తాను, అమ్మ జాకెట్టుని పైకి లాగుతుంది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు.

అత్తా, ఎంతమందనుకున్నావు! మొదటిరోజు మా గేంగు. పెద్దే జెండా ఎత్తాక ఇక మిగతావాళ్ళకి అడ్డేముంది? తర్వాత పక్క వీధి బెంగాలీ దీదీలు. నర్సింగ్ హోముకి వచ్చే గర్భిణీలు, కుదుపు లేదని వాళ్ళకి ఇదే హాయిగా ఉంది. బిశుదా అయితే జాకెట్టు లేవగానే "ఉఠేఛే, ఉఠేఛే", లేచింది లేచింది, అని కేకలేసి గ్లాసులు లాక్కుంటున్నాడు. లాంచీలో ఒకటే కబుర్లు. నాగేశ్వరత్త, ఒక బెంగాలీ టీచరమ్మ ఏళ్ళ తరబడి పక్కపక్కనే నిలబడి దాటినవాళ్ళు, ఇప్పుడే పేర్లు తెలుసుకున్నారు. ఒకరికొకరు చేపల పులుసు తెచ్చిపెట్టుకుంటున్నారు!

కానీ అమ్మ ఎక్కదు. జాకెట్టు ఎత్తుతుంది, అందర్నీ వరసలో ఎక్కిస్తుంది, తను మాత్రం బస్సుకి పరిగెడుతుంది. "ఒట్టు ఒట్టే. జెండా ఎత్తనని ఒట్టెయ్యనేదు కాబట్టి ఎత్తుతన్నాను" అంది. లాంచీ కదులుతుంటే సంచీ పట్టుకుని ఒక్కతీ బస్సు స్టాపుకేసి పోయే అమ్మని చూస్తే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

వచ్చే నెల లాంచీ ఆఫీసువాళ్ళు స్వయంగా వచ్చి చూసి తేలుస్తారట. ఈ జనం చాలరని అంటారేమోనని నా భయం.

రెజీనా


నీలయ్యపేట,
జనవరి 6

కోడలా,

కేకు ముక్కలు కాలేదు, పొడి అయింది. మావయ్య దాన్ని పాలల్లో కలుపుకుని తాగి అద్భుతం అన్నాడు.

నీ ఉత్తరం ఒడ్డున నలుగురి మధ్య కూర్చుని పైకి చదివాను. నారింజ జాకెట్టు పైకి లేచిందనగానే నరసమ్మ చప్పట్లు కొట్టింది. మీ ఘాట్ మాకిప్పుడు పొరుగూరు అయిపోయింది. రోజూ ఎవరో ఒకరు "కలకత్తా లాంచీ ఉంటాదా, పోతాదా?" అని అడుగుతున్నారు. నాకూ అదే ఆదుర్దా.

ఆఫీసువాళ్ళు వచ్చేరోజు మామూలుగానే ఉండండి. ముగ్గులూ దండలూ వద్దు. మీ అమ్మ ఎక్కలేదని బెంగపడకు. వెంటపడితే ఒట్టు ఇంకా బిగుసుకుంటుంది.

అత్త


హౌరా,
జనవరి 25

అత్తా,

కూర్చుని చదువు. మావయ్యని కూడా పిలిచి కూర్చోబెట్టు.

నిన్న వచ్చారు. సేన్ మేడమ్ అని పెద్ద ఆఫీసరు, ఆమెతో ఇద్దరు. పొద్దున్నే అవతలి ఒడ్డున బాబూఘాట్‌లో ఎక్కారు. పల్చగా మంచు ఉంది. అవతలి ఒడ్డు మసగ్గానైనా కనిపిస్తోంది కాబట్టి చాచా సరే అన్నాడు. నేను తాడు విప్పి, అమ్మ ఫోనుకి రింగిచ్చాను. మేడమ్ నీలం సీటులో కూర్చుని బాగుంది, బాగుంది అంటోంది. నేను చుట్టిన తాడునే విప్పి మళ్ళీ మళ్ళీ చుడుతున్నాను.

నది మధ్యకి వచ్చేసరికి ఒక్కసారిగా కమ్మేసింది. నా చెయ్యి నాకు కనిపిస్తోంది, లాంచీ ముక్కు కనిపించడం లేదు. వెనక బాబూఘాట్ లేదు, ముందు మన ఘాట్ లేదు. చాచా ముందున్న మ్యాపు తెర మీద జెట్టీ చుక్కలా కనిపిస్తూనే ఉంది. కానీ మన ఘాట్ ముందు ఇసుక పడవలు లంగరేసి ఉంటాయి కదా, దీపాలు లేనివి, అవి ఏ తెరకీ అందవు. ఇలాంటప్పుడు హారన్ కొట్టొచ్చు, కొట్టాం. దాంతో మేమెక్కడున్నామో వాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళెక్కడున్నారో మాకెలా తెలియాలి? ఒక పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు. మేడమ్ రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుంది. ఇక అయిపోయింది, పరీక్షా పోయింది, లాంచీ పోయింది అనుకున్నాను. చాచా మోటారు ఆపేశాడు. పోటు నిలబడ్డ వేళ కాబట్టి నీళ్ళు ఎటూ లాగడం లేదు. అంతా నిశ్శబ్దం.

అప్పుడు వినిపించిందత్తా.

ముందు రేకు మీద కర్రతో కొడుతున్న మోత. చెత్త ఎత్తే రేకుచేట. దాని వెనక ఒక గొంతు, పాట. శ్రుతి లేదు, తాళం దాని దారిన అది పోతోంది. చర్చిలో పాస్టరమ్మ మర్యాదగా నచ్చచెప్పి చివరి వరసలోకి పంపించిన గొంతు. ప్రపంచంలో అలా పాడే మనిషి ఇంకొకరు లేరు. "అది మా అమ్మ!" అని అరిచాను. కాసేపటికి నాగేశ్వరత్త గొంతు కలిసింది, తర్వాత గేంగంతా, తర్వాత పాట మాటలు తెలియని బెంగాలీ దీదీలు కూడా ఓ అని కలిశారు. మంచులోంచి ఘాట్ మొత్తం మమ్మల్ని పిలుస్తోంది!

నేను ముందుకెళ్ళి నిలబడి పాట ఎటునుంచి వస్తే అటు చెయ్యి చాపాను. చాచా నా చెయ్యి చూసుకుంటూ నత్తనడకన నడిపాడు. ఒక ఇసుక పడవ ఉన్నట్టుండి పక్కనే లేచింది. గడకర్రతో తోసి తప్పుకున్నాం. "ఆ డీజిల్ మీద ఉండుంటే తుపాకులు పేల్చినా వినపడేది కాదు" అన్నాడు చాచా. పాట దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, చెవులు పగిలేంత దగ్గరైంది. మనుషులు ఇంకా కనిపించడం లేదు. తాడు గుడ్డిగా విసిరాను. ఎవరో పట్టుకున్నారు. లాగుతుంటే మంచులోంచి అమ్మ వచ్చింది, తాడు రెండు చేతులకీ చుట్టుకుని, కొంగు నడుముకి దోపి. నేను ఏడుస్తున్నాను. "తాడు అలగేనేటే ఇసిరేది? మొకానికి తగిలుంటే?" అని తిట్టింది.

మేడమ్ దిగి ఆ జనాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత "వీళ్ళంతా రోజూ ఎక్కేవాళ్ళేనా?" అని అడిగింది. అమ్మ ముందుకొచ్చి తన బెంగాలీలో "రోజ్ ఓఠే! సబాయి!", రోజూ ఎక్కుతారు, అందరూ, అని గట్టిగా చెప్పి, సంచీ భుజాన వేసుకుని బస్సు స్టాపుకి వెళ్ళిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం కాగితం వచ్చింది. ఉంటుందత్తా! లాంచీ ఉంటుంది, ఘాట్ ఉంటుంది, పరీక్ష అయిపోయింది! మంచు రోజుల కోసం జెట్టీకి ఒక గంట కూడా ఇస్తారట. నాగేశ్వరత్త "పుష్పరాణి ఉండగా గంటెందుకు, దండగ" అంది. లైనంతా ఇప్పుడు అమ్మని ఎత్తుకుని తిప్పడం ఒక్కటే తక్కువ. వచ్చే ఆదివారం మేడమ్ వచ్చి అందరి ముందూ అమ్మకి శాలువా కప్పుతుందట. మీ ఒడ్డు మీద అందరికీ చెప్పు. నరసమ్మగారికి నా తరఫున రెండు చేతులూ ఎత్తి దండం పెట్టు.

నీ
రెజీనా


లాంచీలో,
ఫిబ్రవరి 8

వొదినకి పుష్పరాణి సెప్పి రాయించేది.

నీ మేనకోడలికి ఇయ్యాల సెలవు. పక్కన కూసోబెట్టుకుని రాయిస్తన్నాను. సెప్పింది సెప్పినట్టు రాయకపోతే నదిలో తోసేస్తానన్నాను.

మూగ పడవ ఎక్కనని ఒట్టేసినాను, నిజమే. కానీ మూగదేటి ఇది? ఎక్కినకాడ్నించి నాగేశ్వరి నోరు మూస్తేనా? ఇటు టీచరమ్మ, అటు నర్సింగ్ హోముకొచ్చే ఆడోళ్ళు. సెవులు సిల్లులు పడిపోతన్నాయి. మూగది కానప్పుడు ఒట్టెక్కడిది? అందుకని ఎక్కినాను. గాలి బాగానే ఉంది. సీట్లు కొంచెం గట్టి.

జెండా ఆలోసన నీదని నాకు ఆ రోజే తెలిసిపోనాది. నా కూతురికి ముడెయ్యడం నానే నేర్పినాను. అది అంత సెడ్డగా ఎయ్యదు. ఎవులో ఎయ్యమంటేనే ఏసినాది. పోన్లే అని ఊరుకున్నాను.

ఆ మేడమ్మ సాలువా కప్పినాది. కప్పించుకున్నాను, కాదనడం ఎందుకు? పుష్పరాణి లాంచీని కాపాడినాది, ఘాట్‌ని కాపాడినాది అని మైకులో సెప్పినారు. ఊరుకున్నాను. నీకొక్కదానికే నిజం సెప్తన్నాను. ఇది కలం ఆపేసి నా మొకంలోకి సూస్తంది, రాయే అని నెత్తిమీద ఒకటిచ్చినాను.

ఆ పొద్దు నాకు లాంచీ గ్యాపకం నేదొదినా. పరీచ్చా గ్యాపకం నేదు. ఫోను మోగినాది, జాకెట్టు పైకి లాగినాను, ఇటు తిరిగేసరికి నది నేదు. నా పిల్ల అందులో ఉంది. అందుకని అరిసినాను. జనం దాన్ని పాటంటన్నారు.